జాతీయ భద్రత పేరుతో చెప్పే కథలకు లెక్క అడగండి: తెలుగు రాష్ట్రాల ఎంపీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం.

లోక్‌సభలో మన రెండు రాష్ట్రాల నుంచి నలభై ఇద్దరు, రాజ్యసభలో పద్దెనిమిది మంది ఉన్నారు. మీ పార్టీలు వేరైనా ఈ ఉత్తరం అరవై మందికీ కలిపే రాస్తున్నాను. నేను భద్రాచలం ఏజెన్సీలో ప్రభుత్వ బడి పంతులుగా పనిచేసి రిటైరయ్యాను. మావోయిస్టుల మీదకు స్థానికులను ప్రభుత్వ అండతో కూడగట్టి నడిపిన సల్వాజుడుం రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చి, మా వైపు అడవుల్లో గుడిసెలు వేసుకున్న ఆదివాసుల గురించి నేనూ నాతోటివాళ్లు కొందరూ ఏళ్లుగా అర్జీలు పెడుతున్నాం. మండలం ఆఫీసులో అడిగితే పై నుంచి ఆర్డరు రావాలంటారు. పై ఆఫీసుకు వెళ్తే ఇది సెక్యూరిటీ వ్యవహారం, మా చేతిలో లేదంటారు. చెప్పులరిగేలా తిరిగాం. జవాబు మాత్రం రాలేదు. మేం అడుగుతున్నవాటిలో ముఖ్యమైనవి చివరికి పార్లమెంటు తేల్చాల్సినవే కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను.

2025 ఆగస్టు 22న కొచ్చిలో జరిగిన ఒక సదస్సులో కేంద్ర హోంమంత్రి అమిత్ షా గారు ఒక మాట అన్నారు. అప్పుడు ఉపరాష్ట్రపతి ఎన్నిక జరుగుతోంది. ప్రతిపక్షాల అభ్యర్థి మన తెలుగువారే, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి గారు. ఆయన నక్సలిజానికి సాయం చేశారని, సల్వాజుడుం పద్ధతిని తప్పుబడుతూ ఆయన 2011లో తీర్పు ఇవ్వకపోయి ఉంటే 2020 కల్లా నక్సల్ ఉగ్రవాదం అంతమైపోయేదని హోంమంత్రి అన్నారు. అది సుప్రీంకోర్టు తీర్పు తప్ప తన సొంత తీర్పు కాదని, హోంమంత్రి ఆ నలభై పేజీలూ చదివి ఉంటే అలా అనేవారు కాదేమోనని సుదర్శన్‌రెడ్డి గారు బదులిచ్చారు. పద్దెనిమిది మంది మాజీ న్యాయమూర్తులు హోంమంత్రి మాటను తప్పుబట్టారు. ఆ ప్రకటనను తప్పుబడుతూ యాభై ఆరుగురు మాజీ న్యాయమూర్తులు ఇంకో ప్రకటన ఇచ్చారు. టీవీల్లో కొన్నాళ్లు చర్చ నడిచింది. ఎన్నిక అయిపోయింది, చర్చా ఆగిపోయింది.

ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది నాకు ముఖ్యం కాదు. నా బాధ వేరే. హోంమంత్రి చెప్పిన ఆ ఒక్క వాక్యంలో ఒక పూర్తి కథ ఉంది. ప్రజలే లేచి నక్సలైట్లను తరుముతున్నారు, గెలుపు దగ్గరకొచ్చింది, ఒక జడ్జి అడ్డుపడ్డారు, అందుకే ఇన్నేళ్లు పట్టింది. వినేవాడికి ఇట్టే అర్థమవుతుంది, గుర్తుండిపోతుంది. మంచివాడు ఎవరో, చెడ్డవాడు ఎవరో అందులో తేలిపోయింది. దేశ భద్రత విషయంలో నాయకులు ఇలాంటి కథ చెప్పినప్పుడు అది సభతో ఆగదు. బడ్జెట్ అవుతుంది, చట్టం అవుతుంది, తుపాకీ అవుతుంది. అందుకే ఆ కథ నిజమా కాదా అని పార్లమెంటు సరిచూడాలని అడుగుతున్నాను.

నేనొక పని చేశాను. మీరూ చేయండి, పది నిమిషాలు చాలు. తేదీలు వరుసగా రాసుకోండి.

సల్వాజుడుం 2005 జూన్‌లో మొదలైంది. 2006 జులైలో ఎర్రబోరులోని సల్వాజుడుం శిబిరం మీద మావోయిస్టులు దాడి చేసి, అందులో తలదాచుకున్న ఆదివాసులను చంపారు. 2007 మార్చిలో రాణిబోడ్లి పోలీసు క్యాంపులో 55 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ఎస్పీవోలుగా, అంటే పోలీసులకు సాయంగా తాత్కాలికంగా నియమించిన స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా చేరిన స్థానిక కుర్రాళ్లే. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల దగ్గర 76 మంది జవాన్లను పోగొట్టుకున్నాం. సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2011 జులై 5న. అంటే ఈ ఘోరాలన్నీ తీర్పుకు ముందే, సల్వాజుడుం దూకుడు మీద ఉన్నప్పుడు, దాని తర్వాత ఎస్పీవోలు రాజ్యమేలుతున్నప్పుడు జరిగాయి.

ఇక హోంశాఖ తానే చెప్పే లెక్క చూడండి. వామపక్ష తీవ్రవాద హింస దేశంలో పతాకస్థాయికి చేరింది 2010లో. ఆ ఏడాది 1936 ఘటనలు, 1005 మరణాలు. 2024కి వచ్చేసరికి 374 ఘటనలు, 150 మరణాలు. ఇది తమ విజయంగా ప్రభుత్వం పదేపదే చెప్పుకుంటున్న లెక్కే. హింస పెరిగి పెరిగి గరిష్ఠానికి చేరిన మరుసటి ఏడాది తీర్పు వచ్చింది, తర్వాత హింస తగ్గుతూ వచ్చింది. తీర్పు వల్లే తగ్గిందని నేను అనను. రోడ్లు పడ్డాయి, క్యాంపులు పెరిగాయి, లొంగుబాట్లు పెరిగాయి, మావోయిస్టుల మీద ఆదివాసులకే విసుగు పుట్టింది. కారణాలు చాలా ఉన్నాయి. కానీ తీర్పు వల్ల నక్సలిజం ఎక్కువకాలం బతికిందన్న మాటకు హోంశాఖ అంకెల్లో ఆధారం కనపడదు. ఉంటే సభలో పెట్టమనండి. నా లెక్క తప్పయితే దిద్దుకుంటాను.

ఇంకో సంగతి ఉంది. ఆ తీర్పు అసలు ఎంతవరకు అమలైంది? ఎస్పీవోలను మావోయిస్టుల మీద పోరుకు వాడటం ఆపమని, వాళ్ల తుపాకులు వెనక్కి తీసుకోమని కోర్టు చెప్పింది. కొద్ది నెలలకే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2011లోనే సహాయక సాయుధ పోలీసు దళాల చట్టం తెచ్చి, ఉన్న ఎస్పీవోలనే ఆ దళంలోకి తీసుకుంది. తర్వాత వాళ్లలో చాలామంది మావోయిస్టులతో పోరుకు పెట్టిన పోలీసు దళమైన జిల్లా రిజర్వ్ గార్డులోకి వెళ్లారు. దీనిమీద వేసిన కోర్టు ధిక్కార పిటిషన్ను, శాసనసభ చట్టం చేయడం ధిక్కారం కాదంటూ 2025 మేలో సుప్రీంకోర్టు మూసేసింది. ఆ చట్టం మంచిదా కాదా అన్నది అలా ఉంచండి. కుర్రాళ్లు ఒక్క ఏడాది కూడా బలగాలకు దూరం కానప్పుడు, ఆ తీర్పు గెలుపును ఆపేసిందని ఎలా చెబుతారు? ఈ ప్రశ్న అడిగిన ఎంపీ ఒక్కరూ నాకు కనపడలేదు. సల్వాజుడుం బాధితులు ఎక్కువగా పారిపోయి వచ్చింది మన రాష్ట్రాలకే కాబట్టి, ఆ ప్రశ్న మీ నోటి నుంచి రావడమే న్యాయం.

ఈ కథ పుట్టుకలో ఉన్నది ఒక్క పార్టీ చెయ్యి కాదు. 2005లో సల్వాజుడుంకు ముందు నిలిచి నడిపింది కాంగ్రెస్ నాయకుడు, అప్పటి ప్రతిపక్ష నేత మహేంద్ర కర్మ. వెనక నిలబడింది బీజేపీ ముఖ్యమంత్రి రమణ్‌సింగ్ ప్రభుత్వం. ఆదివాసులు తమంతట తామే తిరగబడ్డారని ఇద్దరూ చెప్పారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ప్రధాని మన్మోహన్‌సింగ్, దేశం ఎదుర్కొన్న అతిపెద్ద అంతర్గత భద్రతా సవాలు నక్సలిజమేనని ప్రకటించారు. ఒక వైపు అతిపెద్ద ముప్పు, ఇంకో వైపు దాని మీద తిరగబడిన సామాన్యులు. ఈ రెండు ముక్కలూ కలిశాక ప్రశ్న వేసినవాడు దేశానికి ఎదురు తిరిగినట్టే కనిపించాడు.

మావోయిస్టుల ఆగడాలతో విసిగిపోయిన ఆదివాసులు లేరని నేను అనడం లేదు, ఉన్నారు. తునికాకు కూలి విషయంలోనూ, ఊరి పెద్దల మీద పెత్తనం విషయంలోనూ, యువకులను దళాల్లోకి లాక్కెళ్లడంలోనూ వాళ్లకు ఎన్నో బాధలున్నాయి. ఆ నిజాన్ని పట్టుకునే పెద్ద కథ అల్లారు. కొందరి కోపాన్ని అందరి ఉద్యమంగా చెప్పారు. ఉద్యమంలో చేరని ఊరు నక్సలైట్ల ఊరయిపోయింది. ప్రణాళికా సంఘం వేసిన నిపుణుల బృందం 2008లో ఇచ్చిన నివేదికలో ఈ విధానాన్ని గట్టిగా తప్పుబట్టింది, వెంటనే ఆపేయమంది. డి. బందోపాధ్యాయ్ నేతృత్వంలోని ఆ బృందంలో హక్కుల న్యాయవాది కె. బాలగోపాల్ ఉన్నారు, ఇంటెలిజెన్స్ బ్యూరో మాజీ డైరెక్టర్ అజిత్ డోభాల్ కూడా ఉన్నారు. ఇంత భిన్నమైన అనుభవం ఉన్నవాళ్లు కూర్చుని రాసిన నివేదికను పక్కన పెట్టి, సభల్లో చెప్పిన కథనే నమ్మారు. దానివల్ల మామూలు జనానికి ఏం జరిగిందో కింద రాస్తున్నాను.

1. ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లా యంత్రాంగం పత్రాల్లోనే 644 గ్రామాలు సల్వాజుడుంలో చేరినట్టు రాసుకున్నారు. చేరడమంటే నిజానికి ఇళ్లు వదిలి రోడ్డు పక్క శిబిరాలకు రావడం. సుమారు యాభై వేల మంది శిబిరాల్లో పడ్డారు. రానివాళ్లు అడవి లోపలికి పోయారు, లేదా శబరి, గోదావరి వైపు మన ఖమ్మం, వరంగల్, తూర్పుగోదావరి జిల్లాల్లోకి వచ్చేశారు. శిబిరానికి పోతే మావోయిస్టులు చంపుతారని భయం, పోకపోతే జుడుంవాళ్లు ఇల్లు తగలబెడతారని భయం. అడకత్తెరలో పోకచెక్క బతుకు. విత్తనాలు చల్లే కాలంలో ఊరు వదిలినవాళ్లకు ఆ ఏడు పంట పోయింది, తర్వాత భూమే పోయింది.

2. పసివయసు కుర్రాళ్లను తుపాకీకి అప్పగించారు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఇచ్చిన ప్రమాణపత్రాల్లో ఉన్న సంగతులే చెబుతున్నాను. 2011 నాటికి ఎస్పీవోలు 6,500 మంది. అయిదో తరగతి చదివినవాళ్లకు ప్రాధాన్యం. శిక్షణ రెండు నెలలు. శిక్షాస్మృతి, నేర విచారణ స్మృతి, సాక్ష్యాల చట్టం, ఇవన్నీ కలిపి గంట చొప్పున ఇరవై నాలుగు పీరియడ్లలో చెప్పేశామన్నారు. అయిదో తరగతి పిల్లవాడికి గంటలో ఎంత ఎక్కుతుందో బడిపంతులుగా నాకు తెలుసు. నెలకు మూడు వేలు గౌరవ వేతనం, అందులో ఎనభై శాతం కేంద్రం ఇచ్చేది. వీళ్లలో 173 మంది చనిపోయారని ప్రభుత్వమే కోర్టుకు చెప్పింది. నక్సల్ హింసకు గురైనవాళ్లే ఇష్టపడి చేరుతున్నారు, స్థానిక భాష, దారులు తెలుసు కాబట్టి పనికొస్తారు అని సమర్థించుకుంది. తండ్రినో అన్ననో పోగొట్టుకుని కసితో రగిలిపోతున్న పిల్లాడి చేతికి తుపాకీ ఇచ్చి పోరుకు పంపడం, సమానత్వపు హక్కుకూ జీవించే హక్కుకూ విరుద్ధమని జస్టిస్ సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ సురీందర్‌సింగ్ నిజ్జర్ తేల్చారు. ఆ తీర్పు మావోయిస్టులను వెనకేసుకు రాలేదు. పోలీసు పని పోలీసులే చేయాలంది. ఆ కేసు వేసినవాళ్లలో నందినీ సుందర్, రామచంద్ర గుహలతో పాటు మన విశాఖపట్నం మాజీ ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ గారూ ఉన్నారు. జీవితమంతా ప్రభుత్వంలో పనిచేసిన మనిషి ఎందుకు కోర్టు మెట్లెక్కారో ఒకసారి ఆలోచించండి.

3. పోలీసులు చెప్పిందే నిజమైపోయింది. 2011 మార్చిలో మోర్‌పల్లి, తిమ్మాపురం, తాడిమెట్ల ఊళ్లలో రెండొందల యాభైకి పైగా ఇళ్లు తగలబడ్డాయి. మావోయిస్టులే చేశారన్నారు. సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగిస్తే, 2016లో ఎస్పీవోల మీదే చార్జిషీటు వేసింది. మధ్యలో అయిదేళ్లు గడిచిపోయాయి. కాలిపోయిన ఇంటిముందు నిలబడిన మనిషి, తన ఇల్లు ఎవరు కాల్చారో కళ్లారా చూసి కూడా, సీబీఐ చెప్పేదాకా అబద్ధాలకోరుగానే మిగిలాడు.

4. సరిహద్దు దాటినవాళ్లు ఎక్కడివాళ్లూ కాకుండా పోయారు. దీనిగురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఇది నా కళ్లముందు జరుగుతోంది, ఇది మీ చేతుల్లో ఉంది.

మన వైపు వీళ్లను గుత్తికోయలంటారు. అవతల వీళ్లు షెడ్యూల్డ్ తెగవాళ్లు. వాగు దాటి ఇవతలికి రాగానే ఆ హోదా పోతుంది. రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం ఎస్టీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లినవాళ్లకు కొత్తచోట ఆ ప్రయోజనాలు రావు. పొట్టకూటికి తమ ఇష్టంతో వలసపోయినవాళ్ల విషయంలో ఇది సబబేనేమో. ఊళ్లు కాలిపోతే పారిపోయి వచ్చినవాళ్లకూ అదే నిబంధన పెట్టడం ఏం న్యాయం?

బడిలో అడ్మిషన్ రిజిస్టరు తీసుకుని కూర్చుంటే ఇదంతా ఒక్క వరుసలో కనపడుతుంది. పిల్ల పేరు రాస్తాం. తండ్రి పేరు రాస్తాం. సొంతూరు అన్న గడి దగ్గర తండ్రి చెప్పే ఊళ్లో ఇప్పుడు గోడలు కూడా లేవు. కులం గడి దగ్గరికి వచ్చేసరికి, ఆ పిల్ల నోటినిండా కోయ మాటలే ఉన్నా, పక్క బెంచీలో కూర్చున్న మన కోయ పిల్లతో హాయిగా మాట్లాడుతున్నా, సర్టిఫికెట్ లేదు కాబట్టి ఎస్టీ అని రాయలేం. చిన్న తరగతుల్లో ఎవరూ పట్టించుకోరు. పదో తరగతి దాటి గురుకులంలో సీటు, స్కాలర్‌షిప్ అడిగేసరికి ఆ ఖాళీ గడి అడ్డుగోడ అవుతుంది. చాలామంది అక్కడే ఆగిపోయి మిరపకాయలు ఏరడానికి కూలికి పోతున్నారు. మా అర్జీల్లో మొదటి కోరిక ఇదే.

భూమి సంగతి ఇంకా కష్టం. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి అడవిలో సాగులో ఉన్నవాళ్లకే హక్కులిస్తుంది. అక్రమంగా వెళ్లగొట్టబడిన ఆదివాసులకు పునరావాసపు హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది, కానీ దానికీ అదే తేదీ అడ్డం. సల్వాజుడుం మొదలైంది 2005 జూన్‌లో. ఊళ్లు ఖాళీ అవడం ఆ తర్వాత కొన్నేళ్లు సాగింది. అంటే ఎక్కువమంది సరిగ్గా ఆ గడువు దాటాకే ఇల్లు పోగొట్టుకున్నారు. వదిలొచ్చిన ఊళ్లో హక్కు లేదు, వచ్చిన ఊళ్లో హక్కు లేదు. చెట్లు నరికి పోడు కొడితే ఫారెస్టువాళ్లు కేసు పెడతారు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో వాళ్ల గుడిసెలు కూల్చేశారు. ఇలాంటివి అక్కడితో ఆగలేదు. అడవిని కాపాడాలన్నది నిజమే. కానీ వేసవిలో వాగు ఇసుకలో చెలమ తవ్వుకుని, తేరుకునేదాకా కూర్చుని బిందె నింపుకునే ఆడమనిషిని అడవికి శత్రువుగా చూపించడం కూడా ఒక కథే.

5. ఒకడి నేరానికి జాతి మొత్తం దోషి అయింది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడులో ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసరు హత్యకు గురయ్యారు. విధి నిర్వహణలో ఉన్న నిజాయితీగల ఉద్యోగి. ఆయన కుటుంబానికి జరిగిన నష్టం పూడ్చలేనిది. నేరం చేసినవాళ్లను కోర్టు శిక్షించింది, శిక్షించాలి కూడా. కానీ తర్వాత ఏమైంది? ఆ పంచాయతీ గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపించేయాలని తీర్మానం చేసింది. హత్యతో ఏ సంబంధమూ లేని, పదుల కిలోమీటర్ల దూరంలో ఉన్న గుంపుల్లో (గుత్తికోయల చిన్న గూడేల్లో) కూడా మనుషులు బజారుకు రావడానికి భయపడ్డారు. గుత్తికోయలంటే ప్రమాదం అన్న మాట ఒకసారి పడ్డాక, ఏ ఆఫీసరూ వాళ్ల ఫైలు మీద సంతకం పెట్టి టెన్షన్ తెచ్చుకోవాలనుకోడు. మా అర్జీలు ఆగిపోయిన కారణాల్లో ఇదొకటని నా నమ్మకం.

6. మావోయిస్టులూ ఇదే పని చేశారు. ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి ఎంతమంది ఆదివాసులను చంపారో లెక్కపెట్టండి. తాము ప్రజల తరఫున తీర్పు చెబుతున్నామన్న కథ చెప్పి, చేతులు కట్టేసి, ఊరి మధ్యలో చంపారు. 2013లో దర్భా లోయలో మహేంద్ర కర్మతో పాటు కాంగ్రెస్ నాయకులను, కార్యకర్తలను ఊచకోత కోశారు. వాళ్లను నేను సమర్థించను. ఈ ఉత్తరాన్ని ఎవరైనా అలా చదివితే అది అన్యాయం.

భద్రత విషయాల్లో ప్రశ్నలు అడిగితే బలగాల మనోధైర్యం దెబ్బతింటుందని కొందరు అంటారు. తాడిమెట్లలో పోయిన 76 మంది ఎవరి బిడ్డలు? దేశం నలుమూలల రైతుల, కూలీల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. మన పల్లెల నుంచి కూడా ఎంతోమంది సీఆర్‌పీఎఫ్‌లో ఉన్నారు. గెలుపు దగ్గరకొచ్చిందన్న కథను ఎవరూ సరిచూడకపోతే ముందు బలయ్యేది వాళ్లే. వాళ్ల ప్రాణాల మీద గౌరవం ఉన్నందుకే, వాళ్లను పంపే ముందు చెప్పే మాటలకు ఆధారం అడగాలి.

ఇప్పుడు ఇది ఎందుకు అత్యవసరం? 2026 మార్చి 31 కల్లా నక్సలిజాన్ని తుడిచిపెడతామని హోంమంత్రి గడువు ప్రకటించారు. 2025లో తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల మీద మూడు వారాల ఆపరేషన్ జరిగింది. మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాళ్ల కేశవరావు మేలో చనిపోయారు. నవంబరులో మావోయిస్టు కమాండర్ హిడ్మా మన మారేడుమిల్లి అడవుల్లోనే చనిపోయాడు. పోరు ముగింపు గురించి కూడా ఇప్పుడొక కథ తయారవుతోంది. ఎవరు గెలిపించారు, ఎవరు అడ్డుపడ్డారు అన్నదే అందులో ఉంటోంది. ఇల్లు వదిలిన వేలమంది ఎక్కడికి పోవాలో ఎవరూ మాట్లాడటం లేదు. ఆ కథ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కకముందే ఈ మనుషులను లెక్కలోకి తీసుకోవాలి.

మేం కోరేవి ఇవి.

ఒకటి. వచ్చే సమావేశాల్లో మీలో కనీసం ఒక్కరు హోంశాఖను రాతపూర్వకంగా అడగండి: సల్వాజుడుం తీర్పు లేకపోతే 2020 కల్లా నక్సలిజం అంతమయ్యేదన్న మాటకు ఆధారం ఏమిటి? ఏ నివేదిక, ఏ అంచనా, ఏ అంకెలు? తీర్పు తర్వాత ఎంతమంది ఎస్పీవోలను నిజంగా తొలగించారు, ఎంతమందిని కొత్త దళాల్లోకి తీసుకున్నారు?

రెండు. 2005 నుంచి 2011 వరకు జరిగినదాని మీద పార్లమెంటులో శ్వేతపత్రం పెట్టించండి. ఖాళీ అయిన గ్రామాలు, కాలిన ఇళ్లు, చనిపోయిన జవాన్లు, ఎస్పీవోలు, మావోయిస్టుల చేతిలో చనిపోయినవాళ్లు, జుడుం చేతిలో చనిపోయినవాళ్లు, ఇచ్చిన పరిహారం. అన్ని వైపుల మరణాలూ ఒకే పత్రంలో ఉండాలి.

మూడు. ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిసి, వెళ్లగొడతారన్న భయం లేకుండా, ఇంటింటి సర్వే చేయాలి. తిరిగి పోతామా, ఇక్కడే ఉంటామా అన్నది ఆ కుటుంబాలే చెప్పాలి. పోతామన్నవాళ్లకు వాళ్ల పాత భూమి, ఇల్లు కట్టుకునే డబ్బు, రక్షణ రాతపూర్వకంగా ఇవ్వాలి. ఉంటామన్నవాళ్లను రెండు దశాబ్దాలుగా ఇక్కడ బతుకుతున్న మనుషులుగా గుర్తించాలి. చాలామంది పిల్లలు ఇక్కడే పుట్టారు, వాళ్లకు తల్లిదండ్రులు వదిలొచ్చిన బస్తర్ ప్రాంతం తెలియదు.

నాలుగు. ఎస్టీ జాబితాలో మార్పు చేసే అధికారం 342వ అధికరణం ప్రకారం పార్లమెంటుకే ఉంది. ఏ కలెక్టరూ, ఏ ముఖ్యమంత్రీ చేయలేని పని ఇది. హింస వల్ల ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తరిమివేయబడిన ఆదివాసులకు వాళ్ల హోదా వెంట వచ్చేలా చట్టం తేవాలి. స్థానిక ఆదివాసుల వాటా తగ్గిపోతుందన్న భయం మన కోయ, కొండరెడ్డి సోదరుల్లో ఉంది, అది న్యాయమైన భయమే. కాబట్టి వీళ్లకు సీట్లు అదనంగా చూపించాలి, ఉన్నవాళ్ల వాటాలోంచి తీయకూడదు.

అయిదు. అటవీ హక్కుల చట్టంలోని పునరావాస హక్కును సల్వాజుడుం నిర్వాసితులకు 2005 డిసెంబరు 13 తేదీతో ముడిపెట్టకుండా వర్తింపజేసే సవరణ కోసం ప్రైవేటు మెంబర్ బిల్లయినా పెట్టండి. అది పాస్ కాకపోయినా సభలో చర్చ జరుగుతుంది.

ఆరు. ఇవన్నీ తేలేదాకా గుడిసెలు కూల్చడం ఆపించండి. బడి, అంగన్‌వాడీ, బోరింగు, రేషన్, దోమతెరలు ఇవ్వడానికి ఎస్టీ సర్టిఫికెట్ అక్కర్లేదు. దీనికి చట్టం మార్చాల్సిన పని కూడా లేదు. మీరు జిల్లా సమీక్షా సమావేశంలో గట్టిగా అడిగితే వారంలో జరిగే పనులివి.

ఏడు. ఇకముందు ఏ రాష్ట్రంలోనైనా, ఏ పేరుతోనైనా, స్థానిక యువకులకు ఆయుధాలిచ్చి అంతర్గత పోరులో దింపాలంటే, హోంవ్యవహారాల స్టాండింగ్ కమిటీ ముందు ఆ ప్రతిపాదన, దాని ఆధారాలు పెట్టాలని పట్టుబట్టండి. రహస్యంగా ఉంచాల్సినవి కమిటీ రహస్యంగానే చూడవచ్చు.

ఈ ఉత్తరం కాపీ మీ ఢిల్లీ చిరునామాలకూ, నియోజకవర్గం ఆఫీసులకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాం. మీలో ఎవరు వస్తామన్నా, ఏ పార్టీ వారైనా, భద్రాచలం నుంచి గుంపుల దాకా మేం వెంట వస్తాం. బండి పోయేదాకా బండి మీద, తర్వాత నడిచి వెళ్లాలి. ముందుగా ఒక్క ఫోను చేస్తే, ఊరి పెద్దలనూ, కోయ భాష చెప్పగలిగే మా పాత విద్యార్థులనూ సిద్ధంగా ఉంచుతాం. సభలో మీరు వేసిన ప్రశ్న నంబరు, దానికి వచ్చిన జవాబు మాకు తెలియజేస్తే, దాన్ని గుంపుల్లో కోయలో చదివి వినిపించే బాధ్యత మాది.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
భద్రాచలం